గెలుచుట, నిలుపుట – గణపతిదేవ చక్రవర్తి తీరాంధ్ర పాలనము

రాజ్యమును గెలుచుట యొక యెత్తు; గెలిచిన రాజ్యమును నిలుపుకొనుట వేఱొక యెత్తు. చదరంగపు బల్లమీద ఎదుటివాని బంటును గాని, ఏనుగును గాని పట్టినచో దానిని ప్రక్కకు త్రోసి ఆట సాగింపవచ్చును. దేశమేలు రాజునకు అట్టి సౌకర్యము లేదు. ఓడిన దొర బ్రదికియే యుండును. వాని బంధువులు, భటులు, ఆశ్రితులు ఊరూర నుందురు. నిన్నటివఱకు వానికి పన్ను కట్టిన కాపు నేడును అదే పొలము దున్నుచుండును. వాని అనుమతితో సరకు దింపిన వర్తకుడు అదే రేవునకు వచ్చుచుండును. వీరినందఱిని ఏమి చేయవలెను అనునదియే యుద్ధము ముగిసిన మఱునాటి ఉదయమున విజేతకు ఎదురగు ప్రశ్న. యుద్ధములను గూర్చి మన చరిత్ర పుస్తకములు విరివిగా చెప్పును. ఈ మఱునాటి ప్రశ్నకు ఏ రాజు ఏమి సమాధానము చెప్పెనో తెలియవలెనన్న మాత్రము గుడి గోడలమీది శాసనములను చదువవలసి యుండును.

మన తెలుగు నేలమీద ఈ ప్రశ్నకు నెమ్మదిగా, నేర్పుగా సమాధానము చెప్పిన రాజు కాకతీయ గణపతిదేవ చక్రవర్తి. ఆయన 1199 మొదలు 1262 వఱకు, ఆఱుపదుల యేండ్లకు మించి రాజ్యమేలెను. ఆయన పట్టము గట్టుకొన్ననాటికి కాకతీయుల రాజ్యము ప్రధానముగా తెలంగాణపు మెట్టసీమ. ఆయన ముదిమినాటికి కృష్ణా గోదావరీ తీరములు, సముద్రపు టొడ్డున రేవులు, దక్షిణమున కడప సీమ వఱకును ఓరుగంటి మాట చెల్లుచుండెను. ఇంత నేల చేజిక్కుటకు ఖడ్గము కారణమగును గాక. అది చేజారకుండుటకు కారణములు వేఱు. వానిలో ముఖ్యమైనవి నాలుగు: ఓడినవారికి గౌరవము, వారితో వియ్యము, వర్తకునకు అభయము, సామాన్య ప్రజకు నీరును విద్యయు వైద్యమును. ఈ నాలుగింటిని, వానితోపాటు వచ్చిన యొక పెద్ద చిక్కును ఈ వ్యాసమున వివరింతును.

చెఱ నేర్పిన పాఠము

గణపతిదేవుని తొలి జీవితము రాజకుమారులు కోరదగినది కాదు. ఆయన పెదతండ్రి రుద్రదేవుడు దేవగిరి యాదవులతోడి పోరులో మరణించెను. తండ్రి మహాదేవుడును ఆ యాదవులతోనే పోరి నేలకొఱగెను. యువకుడగు గణపతిదేవుడు శత్రువులకు చిక్కి చెఱపాలయ్యెను. ఓరుగల్లులో రాజు లేడు. సామంతులు తల యెత్తజూచిరి. అట్టి వేళ రేచర్ల రుద్రుడను సేనాని రాజ్యమును చెదరనీయక కాపాడెను. 1213లో రామప్ప దేవాలయమును కట్టించినవాడు ఈ రుద్రుడే. 2021లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన ఆ కోవెలను చూచి ఆనందించువారు, ఆ దాత తన రాజు చెఱలో నుండగా రాజ్యమును కాపాడి, రాజు తిరిగివచ్చిన పిదప మఱల సేవకుడుగా నిలిచిన సంగతియు గుర్తుంచుకొనదగును.

యాదవరాజు జైతుగి కొంతకాలమునకు గణపతిదేవుని విడిచిపెట్టి, ఆయన రాజ్యమును ఆయనకే యిచ్చి పంపెను. యాదవుల శాసనములు దీనిని తమ దయగా చెప్పుకొనినవి. దయ యెంతయో, రాజకీయ మెంతయో మనము తూచలేము. కాకతీయ రాజ్యమును తామే యేలబూనినచో అడుగడుగున తిరుగుబాటు లెదుర్కొనవలసి వచ్చును; విడిచిపెట్టిన రాజు మేలు మఱువడు. ఫలితమేమనగా, అటుపిమ్మట గణపతిదేవుని పాలనాకాలమున యాదవ కాకతీయుల నడుమ చెప్పుకొనదగిన వైరము కనబడదు. ఓడినవానిని చంపక, అవమానింపక, వాని స్థానమున వానిని నిలిపినచో లభించు ఫలమెట్టిదో గణపతిదేవుడు ఇతరుల నోట వినలేదు, తానే యనుభవించెను. తరువాత ఆయన తీరమున చేసిన పనులను చూచినచో ఈ పాఠము ఆయనకు చక్కగా ఒంటబట్టినదని తోచును.

దీవిసీమ కథ

ఆ కాలమున కృష్ణకు దక్షిణమున నున్న వరిపొలముల సీమకు వెలనాడని పేరు. చందవోలు రాజధానిగా వెలనాటి చోడులు దాని నేలిరి. తొలుత చోళ చక్రవర్తులకు సామంతులై యుండి, వారి బలము తగ్గినకొలది వీరు స్వతంత్రులవలె మెలగిరి. గణపతిదేవుడు గద్దె నెక్కిన తొలి యేండ్లలోనే తూర్పునకు దండు నడపెను. 1201 నాటికి బెజవాడ ఆయన వశమయ్యెను. వెలనాటి రాజులలో కడపటివాడగు పృథ్వీశ్వరునితో ఆ వంశపు ప్రాభవ మంతరించెను.

కృష్ణానది సముద్రమున కలియుచోట నున్న దీవిసీమను అయ్యవంశమువారు ఏలుచుండిరి. వారు వెలనాటి చోడుల పక్షమువారు. కాకతీయ సేనాని మల్యాల చౌండుడు ఆ ద్వీపముమీద పడి దానిని కొల్లగొట్టెను. ఓరుగల్లు చెంతనున్న కొండపర్తిలో 1203 నాటి శాసన మొకటి కలదు. అందు చౌండునకు 'దీవిచూరకార' యను బిరుదు కనబడును. చూరగొనుట యనగా దోచుకొనుట. ఆ బిరుదు సేనానికి గర్వకారణమే కావచ్చును. కాని దోపిడికి గురియైన దీవి ప్రజలకు ఆ మాట ఎట్లు వినబడి యుండునో ఊహింపవచ్చును. కథ అంతటితో ఆగినయెడల దీవిసీమ కాకతీయుల చరిత్రలో ఒక పగగా మిగిలి యుండెడిది.

అంతటితో ఆగలేదు. అయ్యవంశపు దొర పినచోడికి జయపుడను కుమారుడును, నారాంబ, పేరాంబ యను కుమార్తెలును కలరు. గణపతిదేవుడు ఆ యక్కచెల్లెండ్ర నిరువురిని వివాహమాడెను. బాలుడగు జయపుని చేరదీసి విద్యాబుద్ధులు చెప్పించి, పెద్దవాడైన పిదప తన గజసైన్యమున కధిపతిని గావించెను. చేబ్రోలును అతని కిచ్చెను. రాజ్యమునందలి ఏనుగుల నన్నింటిని, నిన్న తాను గెలిచిన దొర కుమారుని చేతిలో పెట్టుట సామాన్యమైన నమ్మకము కాదు. ఆ కాలపు యుద్ధమున కోటతలుపులు పగులగొట్టునది ఏనుగే. అట్టి బలమును అప్పగించినపుడు, 'నీవు మాలో నొకడవు' అని వేఱుగా చెప్పవలసిన పని యుండదు.

జయపుడు ఆ నమ్మకమును వమ్ము చేయలేదు. దీవిలో తన రాజు పేర గణపేశ్వరాలయమును నిర్మించి, 1231లో శాసనము వ్రాయించెను. కృష్ణాజిల్లాలోని గణపేశ్వరము అను గ్రామము నేటికిని ఆ పేరు మోయుచున్నది. ఏ రాజు దండు వచ్చి దీవిని దోచెనో, ఆ రాజు పేరనే ఆ దీవి దొర కుమారుడు గుడి కట్టించెను. నడుమ గడచినవి ముప్పదియేండ్ల లోపే. ఇదియే గణపతిదేవుని అసలైన విజయము. జయపుడు వట్టి సేనానియే కాదు, పండితుడు. 1253–54 ప్రాంతమున ఆయన సంస్కృతమున రచించిన 'నృత్తరత్నావళి' నాట్యశాస్త్ర గ్రంథములలో ప్రామాణికమైనది. ఎనిమిది అధ్యాయముల ఆ గ్రంథమున తొలి నాలుగు శాస్త్రీయమగు మార్గ నృత్తమును, తరువాతి నాలుగు ఆయా దేశములలో వాడుకలోనున్న దేశి నృత్తములను వివరించును. దీవిసీమను దోచుకొని విడిచినయెడల ఆ గ్రంథము మనకు దక్కెడిది కాదేమో!

వియ్యములతో వేసిన ముడులు

దీవిసీమ విషయమున గణపతిదేవుడు కన్యలను తెచ్చుకొనెను. ఇతరచోట్ల తన యింటి ఆడుబిడ్డల నిచ్చెను. కృష్ణకు ఉత్తరమున నున్న నతవాడి రాజులకు ఆయన సోదరీమణులు మైలాంబయు, కుందమాంబయు కోడండ్రైరి. అమరావతి చెంత ధరణికోట నేలు కోటవంశపు బేతరాజునకు తన కుమార్తె గణపాంబ నిచ్చెను. గోదావరీ తీరమున నిడదవోలు నేలు చాళుక్యవంశపు వీరభద్రునకు రుద్రమదేవి నిచ్చెను. పటము ముందు పెట్టుకొని చూచినచో ఈ సంబంధముల వరుస తెలియును. ఓరుగల్లు నుండి సముద్రమునకు పోవు త్రోవలో నతవాడి, కృష్ణ రేవుల చెంత ధరణికోట, నది ముఖమున దీవి, గోదావరిపై నిడదవోలు. ప్రతి మలుపునను ఒక చుట్టము!

వియ్యమనగా అంతఃపుర వ్యవహారమని మనము తలంతుము. ఆనాటి రాణులు అంతఃపురములకే పరిమితమైనవారు కారు. మైలాంబ బయ్యారమున ధర్మకీర్తి సముద్రమను పెద్ద చెఱువు త్రవ్వించెను. ఆ చెఱువు గట్టున వేయించిన శాసనమే నేడు కాకతీయుల వంశవృక్షమును తెలిసికొనుటకు మనకున్న ముఖ్యాధారములలో నొకటి. ధరణికోట గణపాంబ భర్త గతించిన పిదప తానే ఆ సీమను పాలించెను. అమరేశ్వరుని గుడికి బంగారు కలశము లెత్తించెను. భర్త పేర నొక శివాలయమును, తండ్రి పేర నొక శివాలయమును ప్రతిష్ఠించెను. 1250 నాటి యనమదల శాసనమున ఈ వివరములు కలవు. పుట్టినింటి పేరును, మెట్టినింటి పేరును ప్రక్కప్రక్కన నిలిపిన ఆమె పని యొక్కటి చాలును, ఈ వియ్యముల ఫలమును తెలుపుటకు. ధరణికోట ప్రజలు క్రొత్త చక్రవర్తిని ఎఱుగరు. తమ రాణిని ఎఱుగుదురు. ఆమె తండ్రి గనుక చక్రవర్తియు పరాయివాడు కాడు.

నెల్లూరి విషయమున మార్గము వేఱు. అచ్చటి మనుమసిద్ధిని దాయాదులు రాజ్యభ్రష్టుని గావింపగా, ఆయన మంత్రియు మహాకవియు నగు తిక్కన ఓరుగల్లునకు వచ్చి సహాయ మర్థించెనని తరువాతి కావ్యములు చెప్పుచున్నవి. గణపతిదేవుడు సేనను పంపి మనుమసిద్ధిని మఱల గద్దె నెక్కించెను. కావలసినచో ఆ నెపమున నెల్లూరిని తానే కలుపుకొనవచ్చును. అట్లు చేయక, తనకు ఋణపడిన రాజును అచ్చట నిలిపెను. దేవగిరి చెఱ నేర్పిన పాఠము ఇక్కడ అక్షరాల కనబడుచున్నది.

మోటుపల్లి అభయము

దొరలను లోబఱచుకొన్నంత మాత్రమున సీమ లోబడదు. తీరాంధ్రమున కాసులు పండు పొలము సముద్రము. దాని ముఖద్వారము నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవు. దేశియకొండ పట్టణమని దానికి నామాంతరము. విదేశముల నోడలు అచ్చట లంగరు వేయుచుండెను.

ఆ రోజులలో ఓడ వర్తకుని భయములలో పెద్దది గాలివాన. అంతకంటె పెద్దది ఒడ్డు. ఓడ పగిలి సరకు తీరమునకు కొట్టుకొనివచ్చినచో ఆ తీరము నేలు రాజులు దానిని తమ సొత్తుగా స్వాధీనము చేసికొనుచుండిరి. ప్రాణములతో బయటపడిన వర్తకుడు కన్నులార చూచుచుండగనే బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు రాజుగారి కోటకు తరలిపోయెడివి. ఇది యొకరిద్దరు దుర్మార్గుల పని కాదు. చాలకాలముగా చెల్లుచుండిన ఆచారము.

గణపతిదేవుడు శాలివాహన శకము 1166లో, అనగా 1244–45లో, మోటుపల్లిలో నొక అభయశాసనమును వేయించెను. సకల ద్వీపములనుండి, దేశములనుండి, పట్టణములనుండి వచ్చిపోవు వర్తకులకు అభయమిచ్చెను. పూర్వరాజులు పగిలిన ఓడల సరకును బలాత్కారముగా గైకొనుచుండిరని ఆ శాసనము దాచకుండ చెప్పినది. ప్రాణముకంటె ధనమును గొప్పగా నెంచి సముద్రమునకు తెగించి వచ్చినవారిపై కనికరము చేతను, కీర్తిని ధర్మమును కోరియు, నిర్ణీతమైన సుంకము దక్క మఱేమియు గైకొనమని ప్రతిజ్ఞ చేసినది. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొక పాలు. చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, పట్టు, పగడములు, మిరియములు, పోకలు మొదలగు సరకులకు సుంకములు పేరుపేరున నిర్ణయింపబడినవి.

ఇందు రెండు విశేషములు గమనింపదగినవి. మొదటిది, సుంకము తక్కువగుటకంటె అది స్థిరమగుట ముఖ్యము. ఎంత కట్టవలెనో ముందుగా తెలిసిన వర్తకుడు లెక్క వేసికొని వచ్చును. అధికారి నోటిమాటమీద సుంకము పెరుగు రేవునకు తెలివిగలవాడు రాడు. రెండవది, ఆజ్ఞ రాతిమీద, రేవులోనే, నలుగురు చదువుకొనునట్లు నిలుపబడెను. ఓరుగంటి కొలువులో తాటాకుమీద నున్న ఆజ్ఞను సుంకరి లేదనవచ్చును. కన్నులయెదుట నున్న రాతికంబమును లేదనలేడు. తనకు దూరముగా నున్న క్రొత్తసీమలో తన ఉద్యోగులనే కట్టడిచేయు ఉపాయమును రాజు ఈ విధముగా కనుగొనెను.

పగిలిన ఓడల సరకును వదలుకొనుటచే కోశమునకు ఎప్పుడో వచ్చు రాబడి పోయెను. ఏటేట వచ్చు ఓడలు నిలిచినవి. గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి కీర్తి నాలకించిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఈ దేశమును మోటుపల్లి పేరనే వర్ణించి, ఇచ్చటి వజ్రములను, సాలెపట్టువంటి సన్నని వస్త్రములను కొనియాడెను. విదేశీయునకు రాజ్యము పేరును రేవు పేరును ఒక్కటియే యైనవి.

చెఱువు, బడి, వైద్యశాల

రాజు మాఱినాడన్న వార్త పొలములో నున్న కాపునకు ఎట్లు తెలియును? దండు పైరు త్రొక్కినపుడు తెలియును. పన్ను పెరిగినపుడు తెలియును. క్రొత్త రాజు మంచివాడని తెలియవలెనన్న చెఱువులో నీరు నిలువవలెను. కాకతీయుల కాలమున చెఱువు త్రవ్వించుట సప్తసంతానములలో నొకటిగా, గుడి కట్టించుటతో సమానమగు పుణ్యముగా నెన్నబడెను. రాజు, రాణి, సేనాని, మంత్రి, సెట్టి అందఱును ఈ పనికి పూనుకొనిరి. రేచర్ల రుద్రుని రామప్ప చెఱువు, జగదాల ముమ్మడి త్రవ్వించిన పాకాల చెఱువు గణపతిదేవుని కాలపువే. ఎనిమిది శతాబ్దములు గడచినను అవి పొలములకు నీరిచ్చుచున్నవి.

తీరసీమలో ఈ దృష్టికి తార్కాణము మల్కాపుర శాసనము. కృష్ణ దక్షిణపు టొడ్డున నున్న మందడ గ్రామమును తన గురువగు విశ్వేశ్వర శివాచార్యునకు దానమీయ గణపతిదేవుడు సంకల్పించెను. 1261లో రుద్రమదేవి ఆ సంకల్పమును నెఱవేర్చి వెలగపూడిని అదనముగా నిచ్చెను. శివాచార్యుడు గౌడదేశమునుండి వచ్చినవాడు. ఆయన అచ్చట ఆలయమును, మఠమును, విద్యార్థులకు భోజన వసతులను, వేదశాస్త్రములు చెప్పు ఉపాధ్యాయులను ఏర్పఱచెను. వానితోపాటు ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను స్థాపించి ఆదాయములో కొంతభాగమును వానికి కేటాయించెను. వైద్యునకు, లెక్కలు వ్రాయువానికి, ఊరి కాపరులకు, వివిధ వృత్తులవారికి భూవసతులు కల్పించెను. అన్నసత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వఱకు ఏ వేళ వచ్చినవారికైనను అన్నము పెట్టవలెనని శాసించెను. ఆంధ్రప్రదేశ్ సచివాలయము నెలకొన్న వెలగపూడియే ఈ వెలగపూడి.

ఇది ధర్మకార్యమే, అందు సందేహము లేదు. కాని ధర్మముతోపాటు రాజనీతియు కలదు. వెలనాటి చోడుల పాతసీమ నడుమ, ఆ పాతదొరలకు ఏ విధముగను ఋణపడని గ్రామమొకటి ఇట్లు వెలసెను. అచ్చట చదివినవాడును, కాన్పు సుఖముగా జరిగిన తల్లియు, అన్నము తిన్న బాటసారియు ఓరుగంటి రాజును తలచుకొందురు. వంద గుఱ్ఱముల ఠాణా చేయలేని పనిని ఒక వైద్యశాల చేయగలదని ఆ కాలపు పాలకులు గ్రహించిరి.

నమ్మకము వారసత్వమైనచో

ఇంతవఱకు చెప్పినది వెలుగు. నీడను చెప్పనిచో చరిత్ర స్తోత్రపాఠమగును.

గణపతిదేవుని పద్ధతిలో దొరలు బలముగనే యుందురు. బలముగా నుండియు విధేయులై యుందురు. ఆ విధేయత రాజుయొక్క వ్యక్తిత్వముమీద, కలిపిన చుట్టరికముమీద ఆధారపడి యుండును. రాజు మాఱి, దొర మాఱి, తరము మాఱినపుడు సంగతి యేమి? దీనికి సమాధానము దక్షిణసీమలో దొరకెను. పానుగల్లు మొదలు కడప సీమలోని మార్జవాడ వఱకు గెలిచిన విశాల భూభాగమును గణపతిదేవుడు తన అశ్వసేనాని కాయస్థ గంగయసాహిణికి అప్పగించెను. గంగయ యోగ్యుడు, స్వామిభక్తుడు. అతని పిదప మేనల్లుండ్రు జన్నిగదేవుడు, త్రిపురారిదేవుడు, వారి తమ్ముడు అంబదేవుడు వరుసగా ఆ సీమ నేలిరి. గంగయకు ఆ సీమ రాజిచ్చిన బాధ్యత. అంబదేవునకు అది తాతముత్తాతల సొత్తువలె తోచెను. అతడు రుద్రమదేవిమీద తిరుగబడి స్వతంత్రుడయ్యెను. 1290 నాటి త్రిపురాంతక శాసనమున తన విజయములను ఏకరువు పెట్టుకొనెను.

నల్లగొండ జిల్లా చందుపట్లలో నొక చిన్న శాసనము కలదు. 1289 నవంబరు నాటిది. సేనాని మల్లికార్జున నాయకునితో కూడ రుద్రమదేవి శివసాయుజ్యము నొందినదని, వారి పుణ్యముకొఱకు పువ్వుల ముమ్మడి యనువాడు భూదానము చేసెనని అందున్నది. రాణియు సేనానియు ఒక్కసారి గతించుటను బట్టి, అంబదేవునితోడి పోరులోనే ఆమె వీరమరణము నొందినదని చరిత్రకారులు తలంచుచున్నారు. తండ్రి నమ్మి నిలిపిన యింటివాడే కుమార్తె ప్రాణములకు ముప్పు తెచ్చెనన్నమాట.

రుద్రమదేవి దౌహిత్రుడు ప్రతాపరుద్రుడు ఈ అనుభవమునుండి వేఱు పాఠము నేర్చెను. 1291 నాటికి త్రిపురాంతకము మఱల కాకతీయుల చేతికి వచ్చెను. అటుపిమ్మట పెద్దపెద్ద సీమలను కొద్దిమంది దొరల కప్పగించుటకు బదులు, రాజ్యమును చిన్న నాయంకరములుగా విభజించి, నాయకు లింత సైన్యమును పోషింపవలెనను నియమముతో ఇచ్చు పద్ధతి బలపడెను. అట్టి నాయకులు డెబ్బదియేడుగురని 'ప్రతాపరుద్ర చరిత్రము' చెప్పును. ఒక్కని చేతిలో అంత బలము చేరకుండుట ఈ పద్ధతిలోని మేలు. అందఱిని కలిపి నిలుపువాడు రాజొక్కడే యగుట దీనిలోని కీడు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకు లోబడి, ప్రతాపరుద్రుడు చెఱపట్టబడగానే రాజ్యము ముక్కలయ్యెను. గెలిచిన నేలను పెద్దదొరల కిచ్చిన ఒక చిక్కు, చిన్న నాయకులకు పంచిన వేఱొక చిక్కు. ఏ పద్ధతికైనను కాలము తెచ్చు పరీక్ష యుండును. దానిని ఒక్కసారి స్థాపించి మఱచిపోదగదు, తరతరమునకు సరిచూచుకొనుచుండవలెను.

మిగిలినదేమి?

కాకతీయ రాజ్యము పోయెను. గణపతిదేవుడు కట్టిన చుట్టరికములు, పంచిన పదవులు, నిలిపిన సామంతులు అన్నియు కాలగర్భమున కలిసెను. కాని మోటుపల్లిలో నొక వింత జరిగెను. 1358లో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి ఆ రేవులోనే వర్తకులకు మఱల అభయశాసనము వేయించెను. వంశము వేఱు, రాజధాని వేఱు. అభయము మాత్రము అదే త్రోవ. ఓరుగంటి సింహాసనము కూలిన ముప్పదియైదేండ్లకు కూడ గణపతిదేవుడు వేసిన బాటను తరువాతి రాజు తొక్కవలసి వచ్చెను. దొరలతో కుదుర్చుకొన్న ఒప్పందములు తరముతో తీరిపోయినవి. ప్రజలకిచ్చిన మాట వంశము మాఱినను నిలిచినది. త్రవ్విన చెఱువులు నేటికిని నిండుచున్నవి. గెలిచిన సీమను నిలుపుకొనుటకు రాజు చేసిన పనులలో, ఆ సీమ ప్రజలకు ఉపయోగపడినవియే రాజ్యము పోయిన పిదపను నిలిచినవి. గణపతిదేవుని చరిత్ర సారాంశము ఇంతే.

చివరగా నొక మాట. పైని చెప్పిన విషయములలో చాలభాగము పుస్తకములలో పుట్టినవి కావు. పల్లెలలో, గుడి మండపములలో, చెఱువు గట్లమీద, పొలముల నడుమ నిలిచిన రాళ్లమీద పుట్టినవి. రుద్రమదేవి 1295–96 వఱకు పాలించెనని చిరకాలము చరిత్ర పుస్తకములు వ్రాసినవి. చందుపట్లలోని చిన్నరాయి యొక్కటి వెలుగులోనికి వచ్చి ఆ లెక్కను సరిదిద్దినది. అట్టి రాయి ఏ యూరనైన నుండవచ్చును. దానిమీద బట్టలు ఉతుకుచుండవచ్చును. దానికి సున్నము పూసి యుండవచ్చును. క్రొత్త గుడి పునాదిలో దానిని పూడ్చుటకు ఎవరైన సిద్ధపడుచుండవచ్చును.

ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము అచ్చుపుస్తకములను భద్రపఱచి చదువరుల కందించుచున్నది. ఇకమీదట మన చుట్టుపట్ల గ్రామములలోని రాతిపుటలను కూడ దాని సంరక్షణలో చేర్చుట ఉచితము. అక్షరములు కనబడు ప్రతి రాతి ఛాయాచిత్రమును, అది యున్నచోటి వివరమును ఒక పుస్తకమున వ్రాసి గ్రంథాలయమున నుంచినచో, చదువగల పండితుడు నేడు కాకున్న రేపైన వచ్చును. రాయి పగిలినను దానిమీది మాట నిలుచును. ఆ మాట మనకు తెలియని యే దొర కథయో, ఏ చెఱువు పుట్టుకయో, ఏ వర్తకునకిచ్చిన అభయమో కావచ్చును.